కారులోపల ఎల్.ఇ.డి. దీపములు: భద్రముగా అమర్చుట ఎట్లు?

ఒకప్పుడు గ్రామమునకంతటికి ఒకటి రెండు మోటారు వాహనములు ఉండుటయే గొప్పగా నుండెడిది. నేడు అద్దె కారు నడిపి జీవనము సాగించు యువకులు పెక్కు గ్రామములలో కలరు. అర్ధరాత్రి పురిటి నొప్పులు వచ్చిన స్త్రీని, పాము కాటు తిన్న రైతును పట్టణమునకు చేర్చునది తరచుగా ఈ కార్లే. విజయనగరము, శ్రీకాకుళము దిక్కునుండి 16వ నంబరు జాతీయ రహదారి మీదుగా విశాఖపట్టణమునకు వచ్చు కార్లు మద్దిలపాలెము మీదుగా నగరములోనికి ప్రవేశించి, కింగ్ జార్జి ఆసుపత్రికి పోవుచుండును. అట్టి ప్రయాణములో కారులోపల చక్కని వెలుగు ఉండుట అలంకారము కాదు, అవసరము. రోగి ముఖము చూచుటకు, మందు చీటీ చదువుటకు, వృద్ధులు దిగునపుడు కాలు పెట్టు చోటు కనబడుటకు ఆ వెలుగు కావలెను.

ఈ కారణమున పలువురు కారుతో వచ్చిన పాత బల్బు తీసివేసి, ఎల్.ఇ.డి. దీపములు విడిగా కొని అమర్చించుకొనుచున్నారు. కొందరు కొద్దిపాటి డబ్బు మిగులునని తామే అమర్చుకొనుచున్నారు. దీపము మంచిదే. కాని దానికి తీగ కలుపుటలో చేయు చిన్న పొరపాటు కారునంతను దగ్ధము చేయగలదు. పంచాయతీ సభ్యులు ఈ విషయమును తాము గ్రహించి, తమ గ్రామములోని వాహన యజమానులకు తెలియజెప్పగలరను ఆశతో ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఎల్.ఇ.డి. యనగానేమి?

పాత బల్బులో సన్నని తీగ ఎర్రగా కాలి వెలుగునిచ్చును. అందు ఖర్చగు విద్యుత్తులో అధిక భాగము వేడిగా పోవును. ఎల్.ఇ.డి.లో కాలు తీగ లేదు. ఆవగింజంత అర్ధవాహకపు పలుకులో విద్యుత్తు ప్రవహించి, నేరుగా వెలుగుగా మారును. కంటికి కనబడు ఎర్రని వెలుగునిచ్చు ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ రూపొందించెను. నీలి వెలుగును సాధించి, తెల్లని దీపమునకు దారి చూపిన జపాను దేశస్థులు అకాసాకి, అమానో, జపానులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నకమురా, ఈ ముగ్గురికి 2014లో భౌతిక శాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను.

ఆ సంవత్సరముననే, అక్టోబరు 12వ తేదీన, హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును అతలాకుతలము చేసెను. తరువాత నగర వీధులలో పాత దీపముల స్థానమున ఎల్.ఇ.డి. దీపములు వెలసెను. నేడు మన గ్రామ వీధులలోను అవియే వెలుగుచున్నవి. కావున ఈ దీపము పంచాయతీ సభ్యులకు క్రొత్తది కాదు. వీధి స్తంభముపై దానిని అమర్చువారు శిక్షణ పొందినవారు. కారులో అమర్చువారు అందరును అట్టివారు కారు. భేదము ఇచటనే కలదు.

దీపము చిన్నది, బ్యాటరీ పెద్దది

కారు బ్యాటరీ 12 వోల్టులది. ఇంజను నడుచునపుడు ఇది 14 వోల్టుల వరకు పోవును. కారు పైకప్పునకు ఉండు 10 వాట్టుల పాత బల్బు ముప్పాతిక ఆంపియరుకు పైగా ప్రవాహమును తీసికొనును. దానిని ఆర్పుట మరచి రాత్రి పది గంటలపాటు వదలినచో, 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో దాదాపు నాలుగవ వంతు ఖర్చగును. ఒక వాట్టు ఎల్.ఇ.డి. అదే కాలములో దానిలో పదవ వంతు మాత్రమే వాడును. ఈ లాభము నిజమైనది.

అయితే పెక్కుమంది ఇచట ఒక తప్పు అభిప్రాయమునకు వచ్చుచున్నారు. “దీపము తీసికొనునది స్వల్పము, 12 వోల్టులు ముట్టుకొన్నను షాకు కొట్టదు, ఇక భయమెందుకు?” అని తలచుచున్నారు. షాకు కొట్టని మాట నిజమే. కాని నిప్పు పుట్టించునది వోల్టులు మాత్రమే కాదు. దీపము సరిగా వెలుగునంత వరకే తీగలో స్వల్ప ప్రవాహము ఉండును. తీగ పైతొడుగు ఎచటనైన చిట్లి, లోపలి రాగి కారు ఇనుప శరీరమును తాకినచో, ప్రవాహమును అడ్డగించునది ఏదియు ఉండదు. బ్యాటరీ ఒక్కసారిగా వందల ఆంపియర్లు ఇచ్చును. ఇంజను తిప్పు మోటారుకు అంత శక్తి నిచ్చునది ఈ బ్యాటరీయే గదా! అంతటి ప్రవాహము దారమువంటి తీగలో పారినచో, కొద్ది సెకనులలో తీగ ఎర్రగా కాలి, పైకప్పు గుడ్డకును సీటు స్పంజికిని నిప్పంటించును.

కావున దీపము ఎంత చిన్నదని చూడరాదు. తీగ వెనుక ఏమున్నదని చూడవలెను.

ఫ్యూజు: తీగకు కావలివాడు

ఫ్యూజు దీపమును కాపాడుటకు కాదు, తీగను కాపాడుటకు. ప్రవాహము హద్దు మీరినంతనే తాను తెగిపోయి, తీగను కాలకుండ నిలుపును. దీనినుండి రెండు నియమములు పుట్టుచున్నవి.

మొదటిది, ఫ్యూజు విద్యుత్తు తీసికొనుచోటికి అతి సమీపమున ఉండవలెను. దీపము వద్ద పెట్టిన ఫ్యూజు, దానికిని బ్యాటరీకిని మధ్యనున్న తీగను కాపాడజాలదు. ఊరి పొలిమేరలో నిలువవలసిన కావలివాడు ఇంటి అరుగుపై కూర్చుండినట్లగును.

రెండవది, ఫ్యూజు తీగ శక్తికి లోబడి ఉండవలెను. మొత్తము 5 వాట్టుల దీపములకు కావలసినది అర ఆంపియరు లోపు. అర చదరపు మిల్లీమీటరు రాగి తీగ, 2 లేక 3 ఆంపియర్ల ఫ్యూజు దీనికి చాలును. ఫ్యూజులకు రంగుల గుర్తులు కలవు: 2 ఆంపియర్లకు బూడిద రంగు, 3కు ఊదా, 10కి ఎరుపు, 15కు నీలము, 20కి పసుపు. సిగరెట్టు లైటరు సాకెట్టునకు సాధారణముగా 15 లేక 20 ఆంపియర్ల ఫ్యూజు ఉండును. దాని వెనుకనుండి సన్నని తీగ లాగి దీపము పెట్టుట మిక్కిలి వాడుకలో నున్న పొరపాటు. ఆ పెద్ద ఫ్యూజు తెగునంతలో సన్నని తీగ కాలిపోవును.

ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని దాని స్థానమున రాగి పోగు చుట్టుటయు, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితము మడిచి పెట్టుటయు ఇంకను అచటచట కానవచ్చుచున్నది. ఇంటి ఫ్యూజు కట్టలో లావు తీగ చుట్టు అలవాటు వంటిదే ఇది. ఫ్యూజు పోవుట జబ్బు కాదు, జబ్బును తెలుపు గుర్తు. కారణము కనుగొనకుండ దానిని కట్టివేయరాదు.

పని చేయవలసిన క్రమము

మద్దిలపాలెము ప్రాంతమున కార్ల విద్యుత్ పనులలో ఆరితేరిన ఒక పనివాడు దీపములు అమర్చుట మేము ఆసాంతము గమనించితిమి. అతడు పాటించిన క్రమము అందరికి ఆదర్శప్రాయముగా నున్నందున ఇచట పొందుపరచుచున్నాము.

1. ముందుగా బ్యాటరీ మైనసు తీగను విప్పెను. ప్లస్సు తీగను ముందు విప్పినచో, స్పానరు కారు శరీరమునకు తగిలి నిప్పురవ్వలు లేచును. విప్పిన తరువాత కొన్ని నిముషములు ఆగి పనికి పూనుకొనెను.

2. తాళము వేసినపుడే విద్యుత్తు వచ్చు ఒక దారిని ఫ్యూజు పెట్టెలో ఎన్నుకొని, అదనపు ఫ్యూజు అమరు కనెక్టరును అందు గ్రుచ్చెను. కారుతో వచ్చిన తీగలను కోయలేదు. వాటిని కోసినచో కంపెనీ హామీకి భంగము కలుగవచ్చును.

3. ఇనుప రేకులోని రంధ్రము గుండ తీగ పోవుచోట రబ్బరు బుష్షు తొడిగెను. బుష్షు లేనిచో, బండి కుదుపులకు రేకు అంచు కత్తివలె తొడుగును కోయును. పెడళ్లకు, స్టీరింగునకు, సీటు జరుగు పట్టాలకు దూరముగా తీగను నడిపి, అచటచట బిగించి కట్టెను.

4. అతుకులను చేతితో మెలిపెట్టి టేపు చుట్టి వదలలేదు. లగ్గు గట్టిగా నొక్కి, వేడికి బిగియు గొట్టము తొడిగెను. ఎండలో నిలిపిన కారులో టేపు జిగురు కరగి ఊడిపోవును.

5. ఎర్తు తీగను బోల్టు క్రింద బిగించుటకు ముందు, అచటి పెయింటును గీకి శుభ్రపరచెను. విశాఖ తీరమున ఉప్పు గాలికి లోహము త్వరగా చిలుము పట్టును. చిలుము పట్టిన ఎర్తు వలన దీపము మినుకుమినుకుమనును, అతుకు వేడెక్కును. బిగించిన తరువాత కొంచెము గ్రీజు రాచెను.

6. ఎల్.ఇ.డి.కి ప్లస్సు, మైనసు భేదము కలదు. తిరగవేసిన వెలుగదు. మరియు పలు కార్లలో తలుపు తెరచినపుడు వెలుగు దీపమునకు ప్లస్సు ఎల్లప్పుడు ఉండి, తలుపు స్విచ్చి మైనసు దారిని కలుపును. అట్టి దీపము మైనసును నేరుగా కారు శరీరమునకు కలిపినచో, అది ఎన్నడును ఆరదు. కావున ముందుగా మీటరుతో పరీక్షించెను.

7. తుదకు దీపములను అరగంట వెలిగించి ఉంచి, తీగను, అతుకులను చేతితో తాకి చూచెను. వేడి లేదని నిశ్చయించుకొనిన పిమ్మటనే పలకలను మూసెను.

ముట్టరాని తీగలు

నేటి కార్లలో ప్రమాద సమయమున ఉబ్బి ప్రాణము కాపాడు ఎయిర్ బ్యాగులు కలవు. వాటి తీగలకు సాధారణముగా పసుపు రంగు తొడుగు లేక పసుపు కనెక్టరు ఉండును. కొన్ని కార్లలో ముందరి అద్దము ప్రక్క స్తంభములలోను, పైకప్పు అంచులలోను ఈ సంచులు దాగి ఉండును. దీపపు తీగను వాటిపైగా అడ్డముగా నడిపినచో, సంచి విచ్చుకొనుటకు ఆటంకము కలుగును. ఆ తీగలను కోయుట, టెస్టు ల్యాంపుతో పొడిచి చూచుట ఎంతమాత్రము పనికిరాదు.

రాత్రివేళ డ్రైవరు చూపు

వెలుగు ఎక్కువైనంత మేలని తలచరాదు. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడుటకు ఇరువది ముప్పది నిముషములు పట్టును. కారులోపలి తెల్లని దీపము ఆ అలవాటును క్షణములో చెరచును. ముందరి అద్దములో దీపపు నీడ కనబడి, రోడ్డుపై నడచు మనిషి, ఎడ్లబండి, గేదె కానరాకుండ పోవును. దీపమునకు వేరుగా స్విచ్చి ఉండవలెను. బండి కదలునపుడు దానిని ఆర్పవలెను. రోగి వద్ద వెలుగు తప్పనిసరియైనచో, వెనుక సీటు వైపునకు మాత్రమే పడునట్లు మూత గల చిన్న దీపము పెట్టుకొనవలెను.

చట్టము చెప్పునది

మోటారు వాహనముల చట్టము, 1988లోని 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. సుప్రీము కోర్టు 2019లో దీనిని ధ్రువపరచెను. అదే సంవత్సరపు సవరణ ద్వారా మార్చబడిన 182-ఎ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పునకు అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు మాసముల వరకు జైలు, లేక రెండును విధించుటకు వీలు కల్పించుచున్నది. లోపలి చిన్న బల్బును అదే అమరికలో మార్చుట వేరు; వెలుపల రంగు దీపములు, మెరయు దీపములు తగిలించుట వేరు. సందేహము కలిగినచో రవాణా శాఖ కార్యాలయమున అడిగి తెలిసికొనుట మేలు.

నిప్పు రగిలినచో

2013 అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున, నాటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెము వద్ద బస్సు కాలిపోయి 45 మంది మరణించిరి. అది కల్వర్టును ఢీకొనుట వలన జరిగినదే గాని తీగల వలన కాదు. అయినను ఏ కారణమున పుట్టినను, మూసిన వాహనములో నిప్పు మనకు మిగుల్చు వ్యవధి ఎంత స్వల్పమో ఆ దుర్ఘటన చాటినది. కారులో రబ్బరు కాలు వాసన వచ్చినంతనే బండిని ప్రక్కకు ఆపి, ఇంజను ఆర్పి, అందరిని దింపవలెను. వస్తువుల కొరకు తిరిగి లోనికి పోరాదు. పొగ వచ్చుచున్న బానెట్టును పూర్తిగా ఎత్తరాదు; గాలి సోకి మంట విజృంభించును. దూరముగా నిలిచి 101కి లేక 112కి ఫోను చేయవలెను.

పంచాయతీ చేయదగినది

ఈ విషయమున పంచాయతీ చేయదగిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. గ్రామసభ జరుగు దినమున, గ్రామములోని అద్దె కార్లు, ఆటోలు, చెత్త సేకరించు బండ్లు, ట్రాక్టర్ల యజమానులను ఒక గంట ముందుగా సమావేశపరచి, సమీపములోని ఐ.టి.ఐ. ఉపాధ్యాయునో, అనుభవము గల ఆటో ఎలక్ట్రీషియనునో పిలిపించి, ప్రతి వాహనపు ఫ్యూజు పెట్టెను తెరిపించి చూపించవచ్చును. రాగి పోగు చుట్టిన ఫ్యూజులన్నిటిని ఆ దినముననే మార్పించవచ్చును. పంచాయతీ సొంత వాహనములతో ఈ పని ఆరంభించినచో, ఇతరులు తప్పక అనుసరింతురు.

ఒక ఫ్యూజు ఖరీదు ఒక కప్పు టీ ఖరీదుకు మించదు. అర్ధరాత్రి మన ఊరి తల్లిని ఆసుపత్రికి చేర్చు కారు క్షేమముగా పోయి, క్షేమముగా రావలెనన్నచో, ఆ చిన్న ముక్క సరియైన చోట ఉన్నదో లేదో నేడే చూచుకొనవలసియున్నది.