పాతవి కలిపితే కొత్తది అవుతుందా?

బ్యాంకు నుంచో, బీమా కంపెనీ నుంచో వచ్చే కవరుకు ఒక్కోసారి చిన్న కిటికీ ఉంటుంది. లోపలి కాగితంపై ఉన్న చిరునామాయే అందులోంచి కనబడుతుంది. కవరుపై మళ్ళీ రాయనక్కరలేదు. ఇలాంటి కవరుకు అమెరికాలో కాలహన్ అనే ఆయన 1902లో పేటెంటు పొందాడు.

పేటెంటు అంటే ఏమిటి? కొత్త వస్తువును కనిపెట్టినవారి అనుమతి లేకుండా, కొంతకాలం పాటు ఇతరులెవరూ దాన్ని తయారు చేయకుండా చట్టం ఇచ్చే హక్కు. మన దేశంలో ఈ గడువు 20 ఏళ్ళు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. బిల్లు ముద్రించే యంత్రం, దాన్ని మడిచే యంత్రం, కవరుపై తపాలా ముద్ర వేసే యంత్రం ఇదివరకే ఉన్నాయి. వాటిని వరుసగా కలిపినవారికి పేటెంటు ఇవ్వాలా? ఊరికే ఇస్తే మిగతావారి దారి మూసుకుపోతుంది. అసలే ఇవ్వకపోతే, నిజంగా శ్రమించి కొత్త ఫలితం సాధించినవారికి అన్యాయం జరుగుతుంది.

అమెరికా సుప్రీంకోర్టు తీర్పులు మూడు చూద్దాం.

చివర రబ్బరు అతికించిన పెన్సిలుకు 1858లో లిప్మన్ పేటెంటు తీసుకున్నాడు. అది చెల్లదని 1875లో కోర్టు తేల్చింది. పెన్సిలు రాస్తుంది, రబ్బరు చెరుపుతుంది. కలిపినా ఏది చేసే పని అదే చేస్తోంది కదా!

రెండోది బ్యాంకు లెక్కల వ్యవహారం. ఖాతాదారు చెక్కుపై అద్దెకు ఒక సంఖ్య, జీతాలకు ఒక సంఖ్య వేస్తాడు. కంప్యూటరు ఏ పద్దుకు ఎంత ఖర్చయిందో విడదీసి ముద్రిస్తుంది. బ్యాంకుల్లో కంప్యూటర్లు అప్పటికే ఉన్నాయి. ఒక సంస్థ ఖర్చులను శాఖలవారీగా విడదీసే పద్ధతీ ఉంది. కాబట్టి ఆ పని తెలిసిన మామూలు నిపుణుడికైనా తట్టే ఊహే ఇదని 1976లో కోర్టు పేటెంటు నిరాకరించింది.

మూడోది ఆడమ్స్ బ్యాటరీ. మెగ్నీషియం, క్యూప్రస్ క్లోరైడ్ ఎలక్ట్రోడులు అమర్చి నీళ్ళు పోస్తే చాలు, కరెంటు వస్తుంది. అన్నీ తెలిసిన పదార్థాలే. అయినా అది పనిచేస్తుందంటే నిపుణులే నమ్మలేదు. ఎవరూ ఊహించని ఫలితం వచ్చింది కనుక 1966లో ఆ పేటెంటు నిలిచింది.

మన 1970 పేటెంట్ల చట్టమూ ఇంతే చెబుతుంది. తెలిసిన పరికరాలను ఒకచోట చేర్చినా, ఒక్కొక్కటీ తన పాత పనే విడిగా చేసుకుంటూ ఉంటే అది నూతన కల్పన కాదు.

గొడుగు పిడికి టార్చిలైటు బిగిస్తే పేటెంటు వస్తుందా? తీర్పు మీరే చెప్పండి!