సెప్టిక్ ట్యాంకు శుభ్రత - పంచాయతీల బాధ్యత

సెప్టిక్ ట్యాంకు కట్టించుటతో పని తీరదు. దానిని సకాలమున ఖాళీ చేయించుటయు అంత ముఖ్యము. ట్యాంకులో మలము అడుగున మడ్డిగా చేరును. జిడ్డు పైన తెట్టెగా తేలును. నడిమి నీరు ఇంకుడు గుంతకు పోవును. మడ్డి పెరిగినకొలది నీరు నిలుచు తావు తగ్గి, మలినమే గుంతలోనికి పోవును. కావున 2, 3 సంవత్సరములకొకసారి మడ్డి తీయించవలెను.

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట భూములలో పలుచోట్ల మట్టి పొర పలుచన. దాని క్రింద పగుళ్లుగల గ్రానైటు శిల యున్నది. మట్టిలో వడియక పూర్వమే మురుగు ఆ పగుళ్ల వెంట బావులకు, బోర్లకు చేరగలదు.

ట్యాంకులోనికి మనిషిని ఎన్నడును దింపరాదు. అందులో మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువులుండును. రెండవది మొదట కుళ్లిన గ్రుడ్ల వాసన వేయును. గాఢత హెచ్చిన యెడల ముక్కు ఆ వాసనను గుర్తింపజాలదు. వాసన లేదని దిగినవాడు పడిపోవును; అతనిని రక్షింపబోయినవాడును పడిపోవును. తగిన రక్షణ లేక మనుషులచే ట్యాంకులు శుభ్రపరపించుటను 2013 నాటి చట్టము నిషేధించినది. ఈ నిషేధము పంచాయతీలకును వర్తించును. మొదటి నేరమునకే 2 సంవత్సరముల వరకు కారాగార శిక్ష విధింపవచ్చును. మురుగు శుభ్రపరచుచు మరణించినవారి కుటుంబములకు 30 లక్షల రూపాయల పరిహారము చెల్లింపవలెనని సుప్రీంకోర్టు 2023లో ఆదేశించినది.

కావున పంచాయతీ సభ్యులు ఏ యింటి ట్యాంకు ఎన్నడు ఖాళీ యయినదో పుస్తకములో వ్రాయించవలెను. పంపు అమర్చిన ట్యాంకరునే పిలిపించవలెను. ఒకే దినమున పది యిండ్లకు పని కుదిర్చినచో బాడుగ తేలికపడును. ఆ మడ్డిని వాగులో, చెరువులో కుమ్మరింపనీయక శుద్ధి కేంద్రమునకు చేర్పించవలెను. గ్రామసభలో ఈ విషయము ముందే నిర్ణయించుకొనిన గ్రామమున బావి నీరును, మనిషి ప్రాణమును రెండును నిలుచును.