ఇవాన్ ఒసోకిన్ రెండో బాల్యం

“మళ్ళీ చిన్నతనం వస్తే ఎంత బాగుండును!” అనుకోని మనిషి ఉండడు. ఇప్పుడున్న బుద్ధి అప్పుడే ఉంటే ఆ పరీక్ష తప్పేవాళ్ళం కాదు, ఆ మాట తూలేవాళ్ళం కాదు, అమ్మను అంతగా ఏడిపించేవాళ్ళం కాదు - ఇలా ఎవరి జాబితా వారికి ఉంటుంది. ఈ కోరిక అక్షరాలా తీరితే ఏమవుతుందో ఒక రష్యన్ రచయిత నవల రాసి మరీ చూపించాడు. జార్ చక్రవర్తులు ఏలుతున్న రోజుల్లో జరిగే ఆ కథ పేరు “ఇవాన్ ఒసోకిన్ వింత జీవితం”. రచయిత పీటర్ ఉస్పెన్‌స్కీ. రష్యన్‌లో అది 1915లో “కినెమోడ్రామా” అనే పేరుతో వెలువడింది. ఇంగ్లీషులో 1947లో, అంటే రచయిత కన్నుమూసిన సంవత్సరంలోనే, వచ్చింది.

కాలంలో ప్రయాణం చేసే కథలు మనకేమీ కొత్త కాదు. కూతురు రేవతికి వరుణ్ణి వెతుకుతూ బ్రహ్మలోకానికి వెళ్ళిన కకుద్మి మహారాజు తిరిగి వచ్చేసరికి భూమ్మీద యుగాలే గడిచిపోయాయి. రష్యాలోనూ 1836లోనే వెల్ట్‌మన్ అనే రచయిత తన కథకుణ్ణి రెక్కల జంతువు మీద ఎక్కించి అలెగ్జాండరు కాలానికి పంపాడు. 1895లో హెచ్. జి. వెల్స్ ఏకంగా యంత్రాన్నే కల్పించి, తన కథానాయకుణ్ణి 8,02,701వ సంవత్సరానికి చేర్చాడు. వీళ్ళందరి ముందు ఒసోకిన్ ప్రయాణం చాలా చిన్నది. అతను వెళ్ళింది 12 ఏళ్ళు వెనక్కి. వెళ్ళింది కూడా తన బతుకులోకే.

మాంత్రికుడి హెచ్చరిక

1902 ఏప్రిల్. మాస్కోలోని కూర్స్క్ రైలు స్టేషను. జినయీదా అనే అమ్మాయి తల్లితో కలిసి క్రిమియాకు బయలుదేరుతున్నది. సాగనంపడానికి వచ్చినవారిలో ఒసోకిన్ ఉన్నాడు. వయసు సుమారు 26 ఏళ్ళు. ఆమె అంటే అతనికి ప్రాణం. తానూ వెంట వెళ్ళాలనే ఉంది. కాని చేతిలో డబ్బు లేదు. లేదని చెప్పుకోవడానికి అభిమానం అడ్డు. రైలు కదిలిపోయింది. ఆమె ఉత్తరాలు రాసింది. ఇతను సరిగా జవాబులివ్వలేదు. చివరకు ఆమె మరొకరిని పెళ్ళాడబోతున్నదన్న కబురు చెవిని పడింది.

ప్రాణం తీసుకుందామన్న ఆలోచనతో అతను తనకు తెలిసిన ఒక మాంత్రికుడి ఇంటికి వెళ్తాడు. “నన్ను పన్నెండేళ్ళు వెనక్కి పంపు. జరిగినదంతా గుర్తుండేట్టు మాత్రం చెయ్యి” అని కోరుతాడు. పంపడం తనకు కష్టం కాదంటాడు మాంత్రికుడు. కావాలనుకున్నంత కాలం అన్నీ గుర్తుంటాయి కూడా. అయినా ఏమీ మారదని ముందే హెచ్చరిస్తాడు. ఒసోకిన్ నవ్వుకుంటాడు. ముందు గుంత ఉందని తెలిశాక ఎవడైనా అందులో పడతాడా?

పడ్డాడు! కళ్ళు తెరిచేసరికి 14 ఏళ్ళ కుర్రవాడై బడి హాస్టలులో ఉన్నాడు. ఈసారి బుద్ధిగా చదువుకుందామనుకుంటాడు. కాని పుస్తకం ముందు కూర్చుంటే పాత బద్ధకమే. అల్లరి చేయనని ఒట్టు పెట్టుకుంటాడు. సమయం వచ్చేసరికి చెయ్యి ఊరుకోదు. బడి నుంచి వెళ్ళగొడతారు. తల్లి కాలం చేస్తుంది. బంధువు ఎస్టేటులో ఆశ్రయం దొరికితే అక్కడొక ప్రేమ వ్యవహారం తెచ్చిపెట్టుకుని సైనిక పాఠశాలకు పంపబడతాడు. అక్కడినుంచీ ఉద్వాసనే. తరవాత కొంత ఆస్తి కలిసివస్తుంది. దాన్ని పారిస్‌లో జూదానికి సమర్పిస్తాడు. చివరకు మళ్ళీ అదే జినయీదా, అదే కూర్స్క్ స్టేషను, అదే రైలు.

ఇందులో భయం పుట్టించే సంగతి ఒకటుంది. ఒసోకిన్‌ను ఏ దుష్టశక్తీ బలవంతం చేయలేదు. ప్రతిసారీ తన ఇష్టం మీదనే తప్పటడుగు వేశాడు. “ఈ ఒక్కసారికీ ఏం కాదులే” అనుకున్నాడు, అంతే. మొదట స్పష్టంగా ఉన్న జ్ఞాపకాలు పోనుపోను కలలాగా పలచబడి, చివరకు చెదిరిపోయాయి. బుద్ధి కర్మానుసారిణి అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఆ రష్యాలో బడి పోవడమంటే

బడి నుంచి వెళ్ళగొడితే అంత ప్రమాదమా అని మీరు అడగవచ్చు. ఆనాటి రష్యాలో నిజంగానే ప్రమాదం. “జిమ్నాజియా” అనే ఉన్నత పాఠశాలల్లో లాటిన్, గ్రీకు భాషలు నూరిపోసేవారు. విశ్వవిద్యాలయానికి రాజబాట ఆ బడి సర్టిఫికెట్టే. ప్రభుత్వోద్యోగాలను మహా పీటర్ చక్రవర్తి 1722లో 14 అంతస్తులుగా విభజించాడు. చదువు లేనివాడు ఆ నిచ్చెన మొదటి మెట్టు ఎక్కడం కూడా కష్టమే. 1887లోనైతే విద్యామంత్రి ఒక ఉత్తరువు జారీ చేశాడు: బండివాళ్ళ, వంటవాళ్ళ, చాకలివాళ్ళ పిల్లలను ఈ బడుల్లోకి రానివ్వకుండా చూడాలట! ఒసోకిన్ తిరిగి వెళ్ళినది సరిగ్గా ఆ కాలానికే. అంత ఇరుకైన వాకిలి దాటి లోపలికి వెళ్ళిన పిల్లవాడు చేజేతులా బయటికి వచ్చేస్తుంటే తల్లి ఎంత కుమిలిపోతుందో చెప్పాలా?

మరొక తమాషా. ఆ రోజుల్లో రష్యా సరిహద్దు దాటిన ప్రతివాడూ కొంచెం కాలయాత్రికుడే. రష్యాలో పాత జూలియన్ పంచాంగం నడిచేది. 19వ శతాబ్దంలో అది తక్కిన యూరప్ కంటె 12 రోజులు, 20వ శతాబ్దంలో 13 రోజులు వెనకబడి ఉండేది. పారిస్‌లో రైలెక్కి మాస్కోలో దిగినవాడు, తాను బయలుదేరిన తేదీ ఇంకా రానేలేదని తెలుసుకునేవాడు. విప్లవం తరవాత 1918లో జనవరి 31 మర్నాడు ఫిబ్రవరి 14 అని ప్రకటించి ఈ తేడా తుడిచేశారు. అక్టోబరు విప్లవ దినం నవంబరు 7న వచ్చేది అందుకే.

అడయారుకు వచ్చిన రచయిత

ఉస్పెన్‌స్కీ 1878లో మాస్కోలో పుట్టాడు. కాలం, నాలుగో పరిమాణం వంటి విషయాల మీద పుస్తకాలు రాశాడు. గడిచిన జీవితమే మళ్ళీ మళ్ళీ తిరిగి వస్తుందన్న ఆలోచన అతన్ని జన్మంతా వదలలేదు. మన పునర్జన్మ వేరు. అందులో దేహం మారుతుంది, చోటు మారుతుంది. అతను చెప్పినది అదే తల్లి, అదే ఊరు, అదే బతుకు. ఏదో రహస్య జ్ఞానం దొరుకుతుందన్న ఆశతో 1913లో తూర్పుదేశాల యాత్రకు బయలుదేరి మన దేశానికీ వచ్చాడు. మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికీ వెళ్ళాడు. అప్పుడు ఆ సమాజానికి అధ్యక్షురాలు అనీబిసెంటు. 1914లో ప్రపంచ యుద్ధం రావడంతో స్వదేశం చేరుకున్నాడు. మరుసటి ఏడే ఒసోకిన్ కథ అచ్చయింది.

ఆ తరవాత మూడేళ్ళు తిరక్కుండానే కథలోని రష్యా అంతా కూలిపోయింది. జారు పోయాడు, 14 అంతస్తుల కొలువు పోయింది. ఉస్పెన్‌స్కీ కాందిశీకుడై కాన్‌స్టాంటినోపుల్ మీదుగా 1921లో లండన్ చేరాడు. తన కథానాయకుణ్ణి పాత మాస్కోకు తిరిగి పంపగలిగిన రచయిత తాను మాత్రం అక్కడికి తిరిగి వెళ్ళలేకపోయాడు.

ఇక కథ ముగింపు. రెండోసారీ ఓడిపోయి వచ్చిన ఒసోకిన్‌తో మాంత్రికుడు అసలు సంగతి చెబుతాడు: ఇలా తిరగడం ఇదే మొదటిసారి కాదు. వెనక్కి వెళ్ళినంత మాత్రాన ఏమీ మారదు. ముందు మనిషి మారాలి. దానికి ఖరీదు ఉంది. ఇరవై ఏళ్ళు, కనీసం పదిహేనేళ్ళు చెప్పినట్టు విని పనిచేయాలి. 1902కు 15 కలిపి చూడండి - 1917! రచయిత కావాలని వేసిన లెక్క కాకపోవచ్చు. కాని ఆ వీధిలో ఆలోచిస్తూ నిలబడ్డ యువకుడి ముందు ఎంత కొద్ది వ్యవధి ఉందో మనకు తెలుసు, అతనికి తెలియదు.

అతనికి నిజంగా కావలసినది పన్నెండేళ్ళ వెనకటి బాల్యమా? క్రిమియా నుంచి వచ్చిన ఉత్తరాలు బల్లమీదనే ఉన్నాయి. “నా దగ్గర డబ్బు లేదు, అందుకే రాలేదు” అని నాలుగు ముక్కలు రాసి టపాలో వేయడానికి ఏ మంత్రమూ అక్కరలేదు. ఆ పని అంత కష్టమైంది గనుకనే అతను మాంత్రికుడి తలుపు తట్టాడు.