వాగుకు సరిహద్దు తెలీదు

గాలి మళ్లితే హుస్సేన్‌సాగర్ కంపు దోమలగూడలో ఏ ఇంటినీ వదలదు. మీదే మతమని అడగదు. పశ్చిమాసియాలో హెబ్రాన్ వాగూ అంతే. వెస్ట్‌బ్యాంక్‌లో పాలస్తీనీయుల మురుగునూ, యూదు కాలనీల మురుగునూ కలిపి మోసుకుని ఇజ్రాయెల్‌లోకి, అక్కణ్నుంచి గాజా వైపు పోతుంది. ఒక్కరు బాగుచేస్తే తీరేది కాదు.

అందుకే కలిసి చదువుకోవాలంటుంది అరావా పర్యావరణ విద్యాసంస్థ. 1996లో ఇజ్రాయెల్ దక్షిణాన, కెతురా అనే ఎడారి పల్లెలో పుట్టింది. జోర్డాన్ సరిహద్దు కూతవేటు దూరమే. ఇజ్రాయెలీ, పాలస్తీనా, జోర్డాన్ కుర్రకారు ఒకేచోట ఉంటూ నీరు, సౌరశక్తి, ఎడారి సేద్యం నేర్చుకుంటారు. అసలు కష్టమైన క్లాసు వేరే ఉంది. వారంవారం ఎదురెదురుగా కూర్చుని యుద్ధం గురించి, పోయిన భూముల గురించి మాట్లాడుకోవాలి! పరీక్షలే నయం.

2023 అక్టోబరు తర్వాత ఆ మాటలు మరీ బరువెక్కాయి. అయినా 2024లో ఈ సంస్థ, దమూర్ అనే పాలస్తీనా సంస్థతో కలిసి గాజా నిర్వాసితులకు నీరు, పారిశుద్ధ్యం అందించే పనికి దిగింది.