ఒక ఒర, రెండు కత్తులు

కంప్యూటరు మీట నొక్కిన పిదప లినక్స్ వ్యవస్థకు మూలమగు కెర్నెల్ మొట్టమొదట నడపెడు ప్రోగ్రామునకు ఇనిట్ అని పేరు. దాని సంఖ్య 1. తెర, ధ్వని, నెట్‌వర్కు మొదలగు సేవలన్నియు దాని పిలుపుతోనే మేల్కొనును. డెబియన్ అను లినక్స్ పంపిణీలో చిరకాలము ఈ పని నిర్వహించినది సిస్‌వీ-ఇనిట్. 2014 ఫిబ్రవరిలో డెబియన్ సాంకేతిక సంఘమున ఓట్లు సరిసమానము కాగా, అధ్యక్షుని నిర్ణాయక ఓటు సిస్టమ్‌డీ పక్షమునకు మ్రొగ్గినది. 2015 ఏప్రిల్‌లో వెలువడిన 8వ విడుదల మొదలు ముందుగా అమర్చి యిచ్చునది అదియే.

ఒకటి తీసి మరియొకటి పెట్టుటయే గదా యని తోచవచ్చును. చిక్కు అచ్చటనే యున్నది. ప్యాకేజీ యనగా ఒక ప్రోగ్రామునకు వలయు ఫైళ్లను కట్టియుంచిన మూట. సిస్టమ్‌డీ-సిస్‌వీ, సిస్‌వీ-ఇనిట్-కోర్ అను రెండు మూటలును ఎస్‌బిన్ అను డైరెక్టరీలోని ఇనిట్ అను ఒకే పేరును కోరుచున్నవి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. కావున ఒకటి యున్నచోట రెండవది యుండరాదని ప్యాకేజీలయందే వ్రాసి యుంచినారు. దీనిని లోపమని విసుగుకొనువారు కలరు. మేము దీనిని కాపలా యందుము. 7వ విడుదలలో సిస్‌వీ-ఇనిట్‌కు అత్యవసర ప్యాకేజీ యను ముద్ర యుండెడిది. దానిని తొలగింపబూనినచో, ‘అవును, నేను చెప్పినట్లు చేయుము’ అను అర్థము గల ఆంగ్ల వాక్యమును పూర్తిగా టైపు చేయవలసి వచ్చెడిది! 8వ విడుదలలో ఆ ముద్ర ఇనిట్ అను చిన్న ప్యాకేజీకి మారినది. పేర్కొన్న ఇనిట్‌లలో ఏదో యొకటి యున్న చాలునని అది తృప్తిపడును.

అసలు ప్రమాదము గొలుసులో నున్నది. ఆ విడుదలలో గ్నోమ్ వంటి డెస్క్‌టాపు లిబ్‌పామ్-సిస్టమ్‌డీపై ఆధారపడెను; అది సిస్టమ్‌డీ-సిస్‌వీనో, సిస్టమ్‌డీ-షిమ్‌నో కోరెను. పాత ఇనిట్‌కు మరలగోరువాడు షిమ్‌ను మరచినచో, డెస్క్‌టాపునే తొలగింతునని ప్యాకేజీల నిర్వాహకమగు ఆప్ట్ ప్రతిపాదించుటకు నాడు అవకాశముండెడిది. ఆప్ట్‌కు లెక్క తెలియును గాని మన అవసరము తెలియదు. తొందరలో ‘వై’ మీట నొక్కిన గృహస్థునకు మరునాడు నల్లని తెరపై అక్షరములు మాత్రమే మిగులును.

ఇట్టి మార్పునకు ముందు ఆప్ట్-గెట్ ఆజ్ఞకు ‘ఎస్’ అను సూచన చేర్చినచో, ఏమియు మార్పక, జరుగబోవునది మాత్రము చూపును. తొలగింపబడు వాని జాబితాను మేము కాగితముపై వ్రాసికొనియే ముందునకు సాగుదుము. యంత్రము లేవని నాడు తెరపై ఆ జాబితా కానరాదు గదా!