తంబురాను చెరిపేయని మరమ్మతు

నెల్లూరు జిల్లాలోని మైపాడు తీరం ఇందుకూరుపేట మండలంలోది. అక్కడి ఉప్పుగాలి తేమకు ఇంట్లో ఇనుప వస్తువులే నిలవవు, ఇక అయస్కాంత టేపు మాట చెప్పనక్కర్లేదు. సన్నని పట్టీ మీద ఇనుప ఆక్సైడ్ రేణువుల్ని పట్టి ఉంచేది జిగురు. అది తేమ పీల్చుకుంటే టేపు యంత్రంలో తిరిగేటప్పుడు పూత హెడ్డుకు అంటుకుని రాలిపోతుంది. రాలిన పూతలో ఉన్నది పాటే.

ఆ పట్టీకి మూలం సిగరెట్ల పరిశ్రమలో ఉంది. సిగరెట్ కాగితాలకు బంగారు రంగు లోహపు అంచు వేసే పద్ధతి మీద పనిచేసిన ఫ్రిట్జ్ ఫ్లాయిమర్, 1928లో అదే నేర్పుతో కాగితపు పట్టీకి ఇనుప పొడి అంటించి ధ్వనిని నిలిపాడు. జర్మనీలోని ఏఈజీ సంస్థ 1935లో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో మాగ్నెటోఫోన్ అనే టేపు యంత్రాన్ని పెట్టింది. మరుసటి ఏడు నవంబరులోనే లుడ్విగ్‌షాఫెన్‌లో థామస్ బీచమ్ నడిపిన లండన్ ఫిల్హార్మోనిక్ కచేరీని టేపు మీదికి ఎక్కించారు. గరగర మాత్రం వదల్లేదు. 1940లో జర్మనీ ఇంజనీరు వాల్టర్ వెబర్, చెవికి అందనంత ఎక్కువ పౌనఃపున్యం గల సంకేతాన్ని పాటతో కలిపి ఎక్కిస్తే ఆ గరగర అణుగుతుందని కనిపెట్టాడు. దాన్నే బయాస్ అంటారు. యుద్ధం ముగిశాక అమెరికన్ ఇంజనీరు జాక్ ములిన్ రెండు మాగ్నెటోఫోన్లను అమెరికాకు చేర్చాడు. వాటి అడుగుజాడల్లో 1948లో ఆంపెక్స్ 200 టేపు యంత్రం వచ్చింది.

అదే ఏడు డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది. బాలమురళీకృష్ణ, వోలేటి వెంకటేశ్వర్లు పనిచేసిన కేంద్రమది. నెల్లూరు తీరానికి 1938 నాటి మద్రాసు కేంద్రమూ దగ్గరే. 1954లో ఆకాశవాణి సంగీత సమ్మేళనాలు మొదలయ్యాయి. శ్రోతలను ఎదురుగా కూర్చోబెట్టి చేసే కచేరీలవి. సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంతో 1200 అడుగుల స్పూలు నడిచేది అరగంటే. పెద్ద కచేరీకి స్పూళ్లు మార్చక తప్పదు. పైగా టేపు ఖరీదైన సరుకు, ప్రసారమయ్యాక చెరిపి మళ్లీ వాడటం ప్రపంచమంతటా రేడియో కేంద్రాలకు అలవాటు. అందుకే ఎక్కడో ఒక శ్రోత ఇంట్లో రేడియో నుంచి ఎక్కించుకున్న స్పూలే ఒక్కోసారి ఆ కచేరీకి మిగిలిన ఏకైక ప్రతి అవుతుంది.

అలాంటి స్పూలు పాడైతే చేసే చికిత్స టేపు జాతిని బట్టి ఉంటుంది. పాత అసిటేట్ టేపు ముసలిదైతే వెనిగర్ వాసన కొడుతుంది, కుంచించుకుపోతుంది, పెళుసవుతుంది. కానీ తెగినప్పుడు నున్నగా తెగుతుంది, కాబట్టి అతికిస్తే పాటలో ఏమీ పోదు. పాలియెస్టర్ తెగకుండా సాగుతుంది, సాగిన చోట స్వరం తిరిగి రాదు. 1970ల తర్వాతి కొన్ని పాలియెస్టర్ టేపుల జిగురు మెత్తబడితే 50 డిగ్రీలకు కాస్త పైన, గంటల తరబడి సమంగా వేడి చేస్తారు. కొద్ది వారాలపాటు టేపు ఆడటానికి ఒప్పుకుంటుంది. అసిటేట్‌కు ఈ వైద్యం చేస్తే చంపినట్టే.

ఆ తర్వాతే అసలు చిక్కు. ఎక్కించిన రోజున యంత్రం ఎంత వేగంతో తిరిగింది? 3 శాతం తేడా వచ్చినా శ్రుతి పక్క స్వరస్థానానికి సగం దూరం జరిగిపోతుంది, గాయకుడి గొంతు మారిపోతుంది. ఇక్కడ రోత అనుకున్న చప్పుడే సాక్ష్యం చెబుతుంది. కరెంటు హమ్ మన దేశంలో 50 హెర్ట్జ్. టేపులో అది 48.5గా వినిపిస్తే టేపు 3 శాతం నెమ్మదిగా ఆడుతోందన్నమాట. మన గ్రిడ్‌లో ఆ 50 కూడా దిగిపోతుండేది కాబట్టి, ఘటం శ్రుతితో, ఆ గాయకుడు మామూలుగా పాడే శ్రుతితో సరిచూసుకోవాలి. అమెరికా జానపద గాయకుడు వుడీ గత్రీ 1949లో న్యూజెర్సీలోని న్యూఅర్క్‌లో చేసిన కచేరీని సన్నని తీగ మీద ఎక్కించారు. దాని వేగపు ఒడిదుడుకులను కంప్యూటర్‌తో సరిదిద్దిన పనికి 2008లో గ్రామీ దక్కింది.

మన సంగీతానికి అటువంటి సాధనాన్ని కళ్లు మూసుకుని వాడితే ప్రమాదం. స్వరం ఊగితే టేపు దోషమనుకునే ప్రోగ్రాముకు గమకం దోషంగానే కనబడుతుంది. ఎడతెగకుండా మోగేదాన్ని రొదగా లెక్కగట్టే ప్రోగ్రాము తంబురానూ రొదతో పాటు ఊడ్చేస్తుంది. అలా శుభ్రం చేసిన కచేరీలు విన్నాను. గొంతు ఎండిపోయి, గాలిలో ఒంటరిగా వేలాడుతుంటుంది. కొంత గరగరను ఉంచుకోవడమే మేలని నా గట్టి నమ్మకం. తంబురా తీగల పై స్వరాలు, సభలో తలలూపేవాళ్ల "భళా", పల్లవికి ముందు మృదంగం సరిచేసుకునే చప్పుడు ఆ గరగరలోనే కలిసి ఉన్నాయి.

ఇంట్లో పాత స్పూలు దొరికితే వెంటనే ఆడించి చూడకూడదు. తొలి ఆటే ఆఖరి ఆట కావచ్చు. బూజు, వాసన, అతుకులు చూసి, తెలిసినవారి చేత ఒక్కసారే, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ ప్రతిగా ఎక్కించాలి. మెరుగులన్నీ నకలు మీదే దిద్దాలి. ఏమీ దిద్దని ఆ మొదటి ప్రతిని, స్పూలును కూడా పారేయకుండా దాచాలి. రేపు ఇంతకన్నా మంచి చెవి ఉన్న ప్రోగ్రాము వస్తే దానికి కావలసింది అవే.