సేవ సరే, సారథ్యమెవరిది?

ఆసుపత్రికి రెండు ముఖములు ఉన్నవి. చీటీల కిటికీ వద్ద బారులు, పెద్ద డాక్టరుగారి రాక, అధికారుల తనిఖీలు, ఇవన్నియు పగటి ముఖమునకు చెందినవి. రెండవది రాత్రి ముఖము. పది గంటలు దాటి, వార్డులో దీపములు తగ్గి, మూలుగులు హెచ్చి, చాప పరచుకొని పడుకొన్న బంధువులు ఒక్కొక్కరే లేచి “సిస్టరమ్మా!” అని పిలుచువేళ ఆసుపత్రి యంతయు ఒక స్త్రీ భుజములమీద నిలిచియుండును. ఎవరి సెలైను ఆగినది, ఎవరికి ఊపిరి అందుటలేదు, ఏ డాక్టరును నిద్ర లేపవలెను, ఎవరిని విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రికి పంపుమని తొందరపెట్టవలెను? వీటన్నిటికిని మొదటి మాట ఆమెదే. తెల్లవారగానే ఆ మాట విలువ తగ్గిపోవును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల వైద్యసమస్యను ఈ వైపునుండి చూచినవారు తక్కువ.

నర్సును మనము గౌరవించుటలేదనుట న్యాయము కాదు. ఏటేట మే 12వ తేదీన సభలు జరుగును, కొవ్వొత్తులు వెలుగును, త్యాగమూర్తి, కరుణామయి అను విశేషణములకు కొదువ యుండదు. చిక్కు ఆ విశేషణములలోనే ఉన్నది. త్యాగమును పొగడుటకు ఖర్చు లేదు. అధికారమును పంచుకొనుటకు మాత్రము మనసు కావలెను.

ఆ దినము ఎవరి జన్మదినమో ఆ ఫ్లారెన్సు నైటింగేలు కథయే ఇందుకు సాక్ష్యము. 1854లో క్రిమియా యుద్ధరంగమునకు పోయి, రాత్రివేళ దీపము పట్టుకొని క్షతగాత్రులను చూచిన తల్లిగా ఆమెను ఎరుగుదుము. అదే నైటింగేలు సైనికుల మరణములను లెక్కగట్టి, తుపాకిగుండ్లకంటె మురికివలననే ఎక్కువమంది చచ్చుచున్నారని పటములు గీసి మంత్రులకు చూపినది. 1860లో లండనులో నర్సుల పాఠశాల పెట్టించినది. 1863లో మన దేశమందలి సైనికుల పారిశుద్ధ్యముపై వ్యాఖ్య వ్రాసినది. ఆమె గొప్ప సేవకురాలు మాత్రమే కాదు, గొప్ప పాలకురాలు. మనము ఆమె చేతిలోని దీపమును తీసికొని, లెక్కల పుస్తకమును అక్కడే విడిచినాము.

ఉత్తరాంధ్రలో నర్సు వృత్తి వేళ్లూనిన తీరు కూడ గమనింపదగినది. పూర్వము ప్రసవము మంత్రసాని చేతి పని. పరపురుషుడు నాడి పట్టరాని ఇండ్లు ఉన్న కాలమున స్త్రీలకు ప్రత్యేకముగా వైద్యశాలలు పుట్టినవి. విజయనగరపు ఘోషా ఆసుపత్రి పేరులో ఆ కాలము ఇంకను నిలిచియున్నది. సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠురోగుల ఆసుపత్రి, సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషనువారి ఆసుపత్రి, ఇతరులు తాకుటకు జంకిన దేహములను తాకినవి. సోంపేటలో వైద్యుడు బెన్ గలిసన్ చేసిన కంటివైద్యమే ప్రేరణగా 1963లో ‘ఆపరేషన్ ఐసైట్’ అను సంస్థ వెలసినది. వైద్యుని పేరు లోకమునకు తెలిసినది. ఆ కండ్లకు కట్లు కట్టి, రోగిని కదలనీయక కాచిన నర్సుల పేర్లు మనలో ఎందరికి తెలియును?

ఇక లెక్కలకు వత్తము. సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1946లో నివేదిక ఇచ్చునాటికి దేశమున నర్సులు సుమారు 7,000 మంది. అనగా 43,000 ప్రజలకు ఒక్కతె. 1947లో నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చినది. 1950లో శ్రీకాకుళము, 1979లో విజయనగరము, 2022లో పార్వతీపురం మన్యము జిల్లాలైనవి. శ్రీకాకుళమునకు 2008లోను, విజయనగరమునకు 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. ఇది సంతోషింపవలసిన విషయమే. కాని జిల్లా ఆసుపత్రి బోధనాసుపత్రి అగుట యన్న బోర్డు మారుట కాదు. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, అనగా ఒక్కొక్క వంతులో తొమ్మండుగురికి ఒక్కరు, ఉండవలెనని కౌన్సిలు ప్రమాణము. సెలవులకు నూటికి ముప్పదిమంది అదనము. ముప్పదియారు పడకల వార్డుకు ఈ లెక్కన ప్రతి వంతులో నలుగురు కావలెను. రాత్రివేళ వార్డులోనికి తొంగిచూచిన పాఠకులు తామే లెక్కించుకొనవచ్చును.

ఆ కొరతను ముందుగా ఎరుగునది హెడ్ నర్సు. ఎవరికి ఏ వంతు వేయవలెను, ఏ మందు నిండుకొన్నది, ఏ మంచమునకు దుప్పటి లేదు, క్రొత్తగా వచ్చిన పిల్లకు సూది వేయుట ఎవరు నేర్పవలెను, ఇవన్నియు ఆమె పుస్తకములో ఉండును. కాని మనుషులను పెంచు అధికారము ఆమెకు లేదు. పరికరము కొను అధికారము లేదు. చెడిపోయిన దానిని బాగుచేయించుటకు సైతము మరియొకరి సంతకము కావలెను. మందు లేదని రోగి కేక వేసినప్పుడు మాత్రము ఎదుట నిలుచునది ఆమెయే. సొమ్మొకడిది సోకొకడిది యను సామెతను ఇచట మార్చి, పెత్తనమొకరిది మాటపడుట ఒకరిది అనవలసియున్నది.

కొండలమీద ఈ చిక్కు మరింత పదునెక్కును. సీతంపేట, కురుపాము, గుమ్మలక్ష్మీపురము, సాలూరు ప్రాంతములలో త్రోవలేని గూడెములనుండి గర్భిణులను డోలీలో మోసికొని వచ్చుట పత్రికాపాఠకులకు క్రొత్త వార్త కాదు. నెలలు నిండకముందే వారిని దిగువకు తెచ్చి ఉంచుటకు సాలూరులో వసతిగృహము ఏర్పరచుట మెచ్చదగిన పని. అయితే ఏ తల్లిని ఎప్పుడు దింపవలెనో చెప్పగలది గూడెమునకు నడచిపోవు ఏ.ఎన్.ఎం. మాత్రమే. కొండప్రాంతమున 3,000 మందికి, మైదానమున 5,000 మందికి ఒక ఉపకేంద్రమని నియమము. 1973లో కర్తార్‌సింగ్ సంఘము సిఫార్సుతో ఆమె ‘బహుళ ప్రయోజన’ కార్యకర్త యైనది. టీకాలు, కుటుంబనియంత్రణ, మలేరియా, క్షయ, పట్టికలు ఒకటొకటిగా ఆమె సంచిలో చేరినవి. సంచి బరువు పెరిగినది గాని సంచి మోయు చేతికి బలము పెరుగలేదు.

2018 తరువాత ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద పట్టభద్రురాలైన నర్సును గ్రామస్థాయి కేంద్రమునకు పంపుచున్నారు. నర్సును కేంద్రమునకు ముఖ్యురాలిగా నిలుపుట మంచి ఆలోచన. కాని ఇరువది యేండ్లుగా ఊరిలో ప్రతి గుమ్మము నెరిగిన ఏ.ఎన్.ఎం. ఒకవైపు, నిన్న కళాశాల వదలిన యువతి మరొకవైపు. ఒకరికి అనుభవము, మరొకరికి పదవి. ఎవరి మాట ఎవరు వినవలెను? ఇది స్వభావముల తగవు కాదు. నాయకత్వము నేర్పకయే నాయకురాలిని నియమించుటవలని ఫలము.

ఉద్దానమును చూడుడు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలో కారణము స్పష్టముగా తేలని మూత్రపిండవ్యాధి ఎన్నో కుటుంబములను కుంగదీసినది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ప్రత్యేక ఆసుపత్రి తెరచినారు. డయాలిసిస్ అనునది వారమునకు రెండు మూడు మారులు, మారుమారునకు సుమారు నాలుగు గంటలు యంత్రము ప్రక్కన సాగు చికిత్స. రోగి బరువు తూచుట, రక్తపోటు చూచుట, రక్తనాళములో సూది నిలుపుట, వణకు పుట్టిన క్షణమున యంత్రవేగము తగ్గించుట చాలవరకు నర్సులు, సాంకేతికుల చేతులలోనివి. కొబ్బరితోటలోనో జీడితోటలోనో కూలి పోగొట్టుకొని వచ్చువానికి ఏ వేళ అనుకూలమో వారికే బాగుగా తెలియును. అట్టి చోట యంత్రముల వేళలను నిర్ణయించు సమావేశమున నర్సుకు కుర్చీ లేకున్న ఆ సమావేశము సగము గ్రుడ్డిదే.

ఈ లోపము మనకొక్కరికే కాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ప్రకటించిన నివేదిక ప్రకారము ఆరోగ్యరంగమున పనిచేయువారిలో నూటికి 70 మంది స్త్రీలు. ఉన్నత పదవులలో వారు 25 మంది మాత్రమే. చిన్న ద్వీపదేశములలో ఇది మరియు బాధాకరము. 1903నుండి మద్రాసు రేవుద్వారా కూలి ఒడంబడికపై ఫిజీకి పోయినవారిలో విశాఖపట్టణము జిల్లా తెలుగువారును ఉన్నారు. నేటి విజయనగరము జిల్లా నాడు ఆ జిల్లాలోని భాగమే. ఆ ఫిజీ నేడు తాను చదివించిన నర్సులను ఆస్ట్రేలియా, న్యూజిలాండులకు కోల్పోవుచున్నది. జీతమే దీనికి మొదటి కారణమైనను, ఎదుగుటకు మెట్టు లేనిచోట ఎవరు నిలుచుదురు? వలస మాట వినిన శ్రీకాకుళమునకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

మన యింట కూడ అడ్డు ఉన్నది. రాత్రి కొలువు చేయు పిల్లకు సంబంధము చూచునప్పుడు పెదవి విరుచువారు నేటికిని లేకపోలేదు. 1892లో గురజాడవారి ‘కన్యాశుల్కము’ను రంగముపై చూచిన విజయనగరము, స్త్రీ స్వతంత్రముగా బ్రతుకుటను గూర్చి దేశమున ముందుగా ఆలోచించిన పట్టణములలో నొకటి. ఆ పట్టణపు ఆసుపత్రిలోనే స్త్రీ మాటకు రెండవ స్థానమనిన ఆ ఆలోచన సగములో ఆగినదనుకొనవలెను.

చేయవలసినవి అసాధ్యములు కావు. వార్డు పరికరములకు, చిన్న మరమ్మతులకు కొంత సొమ్ము హెడ్ నర్సు సంతకముపై వెచ్చించు వీలుండవలెను. విరమణకు ముందు ఏడాదిరెండేండ్లకు గాక, పని చేయు సత్తువ ఉన్ననాడే పదోన్నతి రావలెను. పదవికి ముందు లెక్కలు, చట్టము, మనుషులను నడుపు నేర్పు అలవడు శిక్షణ ఉండవలెను. ప్రతి జిల్లాలో వార్డునుండి గూడెమువరకు నర్సుల పక్షమున మాటాడు ఒక అధికారిణి కావలెను. 2023లో పార్లమెంటు నర్సింగు, మిడ్‌వైఫరీలకు జాతీయ కమిషను చట్టము చేసినది. చట్టము విద్యను క్రమపరచగలదు. వార్డులో ఆమె మాటకు బలమిచ్చుట రాష్ట్రప్రభుత్వముల చేతిలో, ఆసుపత్రి పెద్దల మనసులో ఉన్నది.

డాక్టరు గౌరవము దీనివలన తగ్గదు. ఓడకు కప్తాను ఉన్నంతమాత్రమున చుక్కాని పట్టినవాని మాట చెల్లకపోదు గదా! భావనపాడు, కళింగపట్టణము తీరములందలి పడవవారు ఈ సత్యమును పుస్తకములు చదువకయే ఎరుగుదురు. మన ఆసుపత్రులు ఎరుగుటకు ఇంకెంత కాలము పట్టవలెను?